లలితాంబ గారి గేటు ముందు నుయ్యి

అప్పలసూరికి రెండు ముక్కులున్నాయని వాట్‌గంజ్ కూలి లైన్లలో హాస్యమాడేవాళ్ళు. ఒకటి నేల మీదకి, ఒకటి నేల కిందకి. మీద ముక్కుకి పడిశం పట్టినా కింద ముక్కు పనిచేస్తుందట. అబద్ధమేం కాదు. మేన్‌హోల్ మూత జానెడు లేపితే చాలు, అందులో మనిషి దిగొచ్చో లేదో చెప్పేసేవాడు. ముప్పై ఏళ్ళ నౌకరీలో ఆ ముక్కు ఒక్కసారీ తప్పలేదు. తమ్ముడు పోయిన రోజు కూడా తప్పలేదు. అదే అతని ఏడుపు.

పాలకొండ దగ్గర పల్లె నుంచి పదిహేడో ఏట మేనమామ వెనకాల కలకత్తా వచ్చాడు. మేనమామ డ్రైనేజీ గ్యాంగులో మనిషి. వచ్చిన మూడో రోజునే ఒక మూత ముందు కూర్చోబెట్టి, "ఇది నుయ్యి. మనూర్లో నూతిలో నీళ్ళుంటాయి, ఈ ఊర్లో నూతిలో జీతం ఉంటాది" అని చెప్పాడు. లైన్లలో మనవాళ్ళెవరూ మేన్‌హోల్ అనరు. నుయ్యే.

నూతి చదువు పెద్దదేం కాదు. మూత తీసి అరగంట ఆగాలి. ఒంటికి ఆవనూనె పట్టించి, నడుముకి తాడు కట్టుకుని దిగాలి. దిగాక ఊపిరి సగమే పీల్చాలి, సగమే వదలాలి. లోపల మాట ఉండదు. దిగినవాడు ఇనప కొక్కెంతో ఇటికల మీద మూడు దెబ్బలు కొడితే బాగున్నాను అని. పైనున్నవాడు నూతి ఇనప అంచు మీద మూడు కొట్టి ఇక్కడే ఉన్నాను అనాలి. రెండు కొడితే లాగమని. ఇవన్నీ ఒక ఎత్తు, మిగిలినదొకటీ ఒక ఎత్తు. లోపల మనిషి ఉండగా పైనున్నవాళ్ళు అతని పేరు ఎత్తకూడదు. వాడు, వీడు, మనోడు, ఏదైనా అనుకో. పేరు మాత్రం అనకు.

ఎందుకని అడిగితే ముసలాళ్ళు ఒక కథ చెప్పేవారు. కింద ఒకటుందిట. దానికి మనుషులు కావాలి గానీ ఎవర్ని పిలవాలో తెలీదుట. పేరు దాని చెవిని పడిందా, నేర్చేసుకుంటుందిట. మేనమామ కథలు చెప్పే రకం కాదు.

"పేరెట్టి పిలిస్తే ఎవుడైనా ఓయ్ అంతాడా అనడా? ఓయ్ అనాలంటే నిండా ఊపిరి పీల్చాల. నూతిలో నిండా పీల్చిన ఊపిరి మరి బైటికి రాదు," అన్నాడు.

అప్పలసూరి రెండూ నమ్మాడు. పని మీద ఉన్నప్పుడు మేనమామ మాట, పని లేనప్పుడు ముసలాళ్ళ మాట.

తమ్ముడు పోలిరాజుని ఊరినుంచి తెచ్చి గ్యాంగులో పెట్టించింది అతనే. పోలిరాజుది నవ్వు మొహం. నోరు ఊరుకోదు. నూతిలో మాట్లాడకూడదంటే, "అయితే మరి జీతం డబుల్ ఇవ్వాల" అనేవాడు.

డెబ్బై తొమ్మిది వేసవి. అలీపూర్ వైపు ఒక సందు. పదమూడు పెద్ద ఇళ్ళు, గోడల మీద గాజుపెంకులు, గేట్లకి ఇత్తడి పేర్లు. పదమూడిళ్ళ మురుగూ చివరి ఇంటి గేటు ముందు ఒకే నూతిలో కలుస్తుంది. అక్కణ్ణుంచి ఇటికల కాలువ మోచేతిలా వంగి పెద్దరోడ్డు కిందకి పోతుంది. ఆ మోచేతి దగ్గర నడుముకి తాడుంటే మనిషి తిరగలేడు, విప్పుకోవాల్సిందే. అడ్డుపడేది కూడా ఎప్పుడూ అక్కడే. ఆ రోజు పొద్దున్న పదింటికి పోలిరాజు దిగాడు. పైన అప్పలసూరి. గ్యాంగుని నడిపే సర్దారు రెండో సందులో ఉన్నాడు. అప్పలసూరి ముక్కు చెప్పింది కదా, సగం ఊపిరికైతే పరవాలేదని.

చివరి ఇల్లు లలితాంబ గారిది. కాకినాడ వాళ్ళు. భర్త ఓడల్లో సరుకు ఎక్కించి దించే కాంట్రాక్టరు, పోయి రెండేళ్ళయింది. ఆవిడ ఏదో పని మీద గేటు దాకా వచ్చి, తాడు దగ్గరున్నవాడు తెలుగులో గొణుక్కోవడం విని ఆగిపోయింది.

"తెలుగువాళ్ళా మీరు?"

"అవునమ్మగోరు. సికాకులం జిల్లా."

"ఎన్నాళ్ళయిందయ్యా ఈ గుమ్మంలో తెలుగు మాట వినపడి. లోపలున్నదెవరు?"

"నా తమ్ముడమ్మా."

"పేరేంటి?"

కలకత్తా వచ్చి ఇన్నేళ్ళలో పెద్ద గేటు వెనకాల మనిషెవరూ వాళ్ళని పేరడగలేదు. 'ఏయ్' అనేవారు, లేకపోతే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేవారు. ఈవిడ ముక్కు మూసుకోలేదు. అతనికి లోపల ఏదో పొంగింది. "పోలిరాజమ్మా" అనేశాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు గానీ, అప్పటికే ఆవిడ నూతి మీదకి వంగింది. మెళ్ళో గొలుసు చీకట్లోకి వేలాడింది.

"పోలిరాజూ, పైకి రా నాయనా. టీ పెట్టిస్తున్నాను, తాగి చేసుకుందువుగాని."

కిందనుంచి నవ్వుతున్న గొంతు వచ్చింది. "వస్తన్నానమ్మా."

అంతే. ఆ తర్వాత మూడు దెబ్బలు లేవు, రెండు దెబ్బలు లేవు. తాడు లాగితే ఉత్త తాడు వచ్చింది. మనిషిని మర్నాడు పెద్దరోడ్డు మీద ఇంకో నూతిలోంచి తీశారు.

కాలు జారిందని అప్పలసూరి సర్దారుకి చెప్పాడు, ఆఫీసులో చెప్పాడు, పెళ్ళాం నరసమ్మకీ అదే చెప్పాడు. పేరు సంగతి ఎక్కడా ఎత్తలేదు. ఎత్తితే లైన్లలో చంటిపిల్లకి కూడా తెలిసిన తప్పు తను చేశాడని తెలిసిపోతుంది. ఆ ఏడాదినుంచి ప్రతి ఉగాదికీ లలితాంబ గారి ఇంట్లో పనిచేసే జగ్గమ్మ వచ్చి ఒక కొత్త పంచె ఇచ్చి వెళ్ళేది. అతను కట్టేవాడు కాదు, పారేసేవాడూ కాదు. ట్రంకు పెట్టెలో పెట్టేవాడు. పదకొండు పంచెలయ్యాయి. ఆ సందులో పని పడినప్పుడల్లా సర్దారు గురువులుకి ఒక సీసా కొనిచ్చి తన వంతు ఇంకొకరి మీదకి తోసేవాడు. పదకొండేళ్ళు ఆ నుయ్యి దిగలేదు.

తొంభైలో వార్డు ఓట్లొచ్చాయి.

ఎర్రజెండా వైపునుంచి ఒక బడి మాస్టారు నిలబడ్డాడు. సన్నగా, గొడుగు చంకలో పెట్టుకుని, లైన్లలోకి ఒక్కడే నడిచొచ్చేవాడు. ఆయన మాట ఒకటే. పెద్ద ఇళ్ళకి ఇంటిపన్ను పెంచాలి, ఆ డబ్బుతో మురుగు పీల్చే మిషను కొనాలి, ఇక మనిషన్నవాణ్ణి నూతిలోకి దింపకూడదు. ఎదుటివాడిది ఇంకా తేలిక మాట. పన్ను దమ్మిడీ పెంచను. పదమూడిళ్ళ సందులో ఎవరు ఎవరి పక్కో చెప్పక్కర్లేదు. పన్నెండు గేట్ల మీద ఒక రంగు కాగితాలు. చివరి గేటు మీద మాత్రం మాస్టారి బొమ్మ. లలితాంబ గారు స్వయంగా నిలబడి అంటింపించిందట.

టీ కొట్టు దగ్గర గ్యాంగుకి అదే మాట.

"పన్ను తగ్గించమనీ దొరల్ని సూసినాను. పెంచమని భోటేసీ వోళ్ళని ఈ జల్మలో సూడ్నేదురా బావు," అన్నాడు వెంకటేశు. అతను గ్యాంగులో అందరికంటే లావు, అంచేత ఎప్పుడూ పైనే ఉంటాడు.

"కట్టకండా తప్పించుకునీ దారి తెల్సినోళ్ళే పెంచమంతారు," అన్నాడు గురువులు.

"కాదెహె, పిల్లల్నేరు కదేటి. ఎవుడికి మిగిల్చాల?"

"పక్కింటోడు ఏడిస్తే సూడ్డానికి. మనకి రూపాయి పోయినా పరవానేదు, ఆడికి పది పోవాల. పెద్దోళ్ళ సరదాలు అలగే ఉంతాయి."

"పుణ్ణానికిరా. గయ ఎల్లాలంటే రైలెక్కాల. ఇదైతే గేటుకాడికే ఒచ్చి పట్టుకెల్తారు."

అందరూ నవ్వారు. అప్పలసూరి గ్లాసు కింద పెట్టేశాడు. గురువులు అతని వైపు తిరిగి, నవ్వు ఆపకుండానే అన్నాడు.

"నువ్వు నవ్వకు సూరీ. ఆ సందు గొట్టం మూసుకుపోనాది. మోచేయి కాడ తిరగ్గలిగినోడు గ్యాంగులో నువ్వొక్కడివే మిగిలినావు. మాస్టారు గెలిస్తే మిషను. ఓడితే వాన పడిన మర్నాడే దిగుతావు. ఈసారి సీసాలిస్తే కుదర్దు."

ఆ రాత్రి అన్నం సయించలేదు. నరసమ్మ అడిగితే కడుపునొప్పన్నాడు.

ఓట్లు వారం ఉన్నాయనగా ఆదివారం పొద్దున్న జగ్గమ్మ వచ్చింది. చేతిలో పంచె లేదు.

"అమ్మగోరు రమ్మన్నారు. ఇప్పుడే రమ్మన్నారు. పదింటికల్లా ఉండాలట."

"ఏటి పని?"

"నాకేటి తెల్సు? పదకొండేళ్ళనుంచి ఆ యింట్లో ఉన్నాను, కింద బాత్రూం మాత్రం నాను కడగను. వోరం వోరం ఎవుడో బైటినుంచి ఒస్తాడు కడగడానికి. ఆడు కూడా నెలకొకడు మారతాడు," అంది జగ్గమ్మ. అని, అనవసరంగా అన్నానా అన్నట్టు కొంగు నోట్లో పెట్టుకుంది.

అప్పలసూరి వెళ్ళాడు. పదకొండేళ్ళలో ఆ సందులో కాలు పెట్టడం అదే మొదలు. నూతి మూత మీద కాకి ఈక ఒకటి పడి ఉంది. దాన్ని దాటకుండా గోడ వారనుంచి చుట్టి నడిచాడు.

లలితాంబ గారి జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది. ఆవిడ పలకరింపులేమీ పెట్టుకోలేదు. వెనక వరండాలోంచి కింద బాత్రూంలోకి తీసుకెళ్ళింది. పొడి బాత్రూం. కుళాయికి గుడ్డ చుట్టి ఉంది. నేల మధ్యలో ఇత్తడి జల్లెడ, మురుగు పోయే కన్నం. పక్కన ముక్కాలిపీట, దాని మీద స్టీలు గ్లాసు బోర్లించి ఉంది.

"కూర్చో. మాట్లాడకు. విను."

బయట పదకొండు నంబరు ఇంట్లో కుక్క మొరిగి ఊరుకుంది. ఎక్కడో రేడియో. తర్వాత ఏమీ లేదు. అప్పుడు జల్లెడ కిందనుంచి వచ్చింది.

టక్. టక్. టక్.

అప్పలసూరి చెయ్యి దానంతటది లేచింది. వేళ్ళు మడిచి నేల మీద మూడు కొట్టబోయింది. రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాడు.

"ఈవేళ ఆదివారం. మీ వాళ్ళెవరైనా కింద ఉన్నారా?" అని అడిగింది ఆవిడ.

"నేరమ్మా."

"రోజూ పదింటికి. ముగ్గురు ప్లంబర్లొచ్చారు. గొట్టంలో గాలమ్మా అన్నారు. గాలికి లెక్కలొచ్చా? ఒక్కరోజైనా నాలుగు కొట్టాలి కదా, రెండు కొట్టాలి కదా."

ఆవిడ ముక్కాలిపీట మీద గ్లాసుని సర్దింది. సర్దక్కర్లేదు, తిన్నగానే ఉంది.

"టీకి రమ్మన్నాను. వస్తున్నానమ్మా అన్నాడు. అన్న మనిషి రాలేదు. నాకు ఆ రోజునుంచి ఎవరైనా 'వస్తున్నా' అంటే ఒళ్ళు జలదరిస్తుంది. సరే. ఎదురింటి వకీలు బాబు నిన్న వచ్చి అడిగాడు. మాషీమా, మీకు మతి పోయిందా, ఆ మాస్టారు గెలిస్తే మీ ఇంటికి పన్ను రెండింతలవుతుంది అన్నాడు. అవనీ అన్నాను. ఎందుకన్నాడు. బెంగాలీలో చెప్పడం నాకు చేతకాలేదు. నీతో చెప్తాను."

"నాకెందుకమ్మా..."

"విను. గుడికిచ్చాను. ఆస్పత్రికిచ్చాను. ఇచ్చిన చోటల్లా పాలరాయి మీద నా పేరు చెక్కారు. నీకు పంచెలిచ్చాను, నువ్వు కట్టలేదని జగ్గమ్మ చెప్పింది. చేత్తో ఇచ్చేది ఏదైనా సరే, ఇచ్చినవాళ్ళ పేరు అడుగుతుందయ్యా. పన్నొక్కటే అడగదు. నేనివ్వక్కర్లేదు, వాళ్ళే తీసుకుంటారు. నాకెవరూ దణ్ణం పెట్టక్కర్లేదు. పోనీ నేనొక్కదాన్నే మిషను కొనిచ్చాననుకో. నా గేటు ముందు నుయ్యి బాగుపడుతుంది. తక్కిన పన్నెండిళ్ళ నీళ్ళో? అవీ ఇక్కడికే వస్తాయి. కింద గోడల్లేవు కదా, గాజుపెంకులు పైనే కదా. ఒక్క ఇంటి డబ్బుకి అది ఊరుకోదు. అందరి దగ్గరా తియ్యాలి, ఇష్టం ఉన్నవాడి దగ్గరా లేనివాడి దగ్గరా."

ఆవిడ 'అది' అన్నప్పుడు జల్లెడ వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడటం కనిపించింది.

"పెద్దమనసు అనుకునేవు. కాదు. భయం. భయంతో వేస్తున్నాను ఓటు. ఇంకో మనిషి దిగి, వాడు కూడా కొట్టడం మొదలుపెడితే నేను ఈ ఇంట్లో ఉండలేను. పన్ను ఎంతైనా దానికంటే తక్కువే." అప్పుడు అతని వైపు తిరిగి అడిగింది. "ఆ రోజు ఏం జరిగిందో చూసింది నువ్వొక్కడివే. కాలు జారిందని రాశారు. నిజమేనా?"

అప్పలసూరి నేల వైపు చూశాడు. నిజం రెండు ముక్కలు. నీ పిలుపే వాణ్ణి చంపింది అన్నది ఒక ముక్క. ఆ పేరు నీ నోట్లో పెట్టింది నేను అన్నది రెండోది. ఒకటి చెప్పి ఒకటి దాచే వీల్లేదు.

"నిజమేనమ్మా. కాలే జారినాది," అన్నాడు.

ఆవిడ తలూపింది. నమ్మినట్టు లేదు, నమ్మనట్టూ లేదు.

ఓట్ల రోజున అప్పలసూరి ట్రంకు పెట్టె తెరిచి, అన్నిటికంటే కింద ఉన్న పంచె తీసి కట్టుకున్నాడు. మడతల దగ్గర పసుపుపచ్చగా ఉంది. మాస్టారు ముప్పై ఆరు ఓట్ల తేడాతో గెలిచాడు. లైన్లలో డప్పులు మోగాయి, ఎర్ర గులాలు చల్లుకున్నారు. అప్పలసూరి ఆ రాత్రి కడుపునిండా తిని పడుకున్నాడు.

గెలిచినంత మాత్రాన మిషను గాల్లోంచి ఊడిపడుతుందా? పన్ను కాగితం కదలాలి, కమిటీ కూచోవాలి, టెండరు పిలవాలి. వాన ఏ కమిటీకీ ఆగదు. నాలుగు రోజులు విడవకుండా కొట్టింది. అయిదో రోజుకి పదమూడిళ్ళ సందులో మోకాలి లోతు నల్లనీళ్ళు. వకీలు బాబు కారు మునిగింది. మాస్టారు గొడుగేసుకుని లైన్లకి వచ్చి తలొంచుకుని నిలబడ్డాడు. "ఈ ఒక్కసారికి దాదా. మిషను వచ్చేదాకా," అన్నాడు, అన్నని పిలిచినట్టు. పాపం ఆయన గొంతులో దాపరికం లేదు. గురువులు అప్పలసూరి వైపు చూశాడు. ఇంకెవరి వైపు చూస్తాడు?

మర్నాడు వాన తెరిపిచ్చింది. నీళ్ళు కొంచెం తీశాక మూత లేపారు. అరగంట ఆగారు. అప్పలసూరి వంగి వాసన చూశాడు. పదకొండేళ్ళ కిందటి వాసనే. సగం ఊపిరికైతే పరవాలేదు. ఒంటికి ఆవనూనె రాసుకుని, నడుముకి తాడు కట్టుకుని, మొదటి మెట్టు మీద కాలు పెట్టబోతూ తలెత్తితే గేటులో లలితాంబ గారు. వెనకాల జగ్గమ్మ, చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు స్టీలు గ్లాసులు. గ్లాసుల్లో టీ పొగలు కక్కుతోంది.

ఆవిడ పెదవులు కదలబోతున్నాయి. బహుశా జాగ్రత్త అనబోతోందేమో. జాగ్రత్త నాయనా అప్పలసూరీ అనబోతోందేమో.

చచ్చేంత భయం వేసింది అతనికి. తాడు పట్టుకుని, నలుగురి ముందూ, అనాల్సింది అనేశాడు.

"అమ్మగోరూ. నాను దిగినాక నా పేరెట్టి పిలవకండి."

"అదేమిటి?"

"నూతిలో మనిషిని పేరెట్టి పిలవకూడదమ్మా. పిలిస్తే పలుకుతాడు. పలికితే నిండా ఊపిరి పీల్చేస్తాడు. పీలిస్తే..." నడుము దగ్గర తాడు ముడి బిగించుకున్నాడు. "మా లైన్లో అందరికీ తెల్సు."

ఆవిడ చెయ్యి గేటు ఊచ మీద బిగిసింది. లెక్క చూసుకుంటున్న మనిషిలా కళ్ళు ఒకచోట నిలబడిపోయాయి. పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళి, నూతి మీదకి వంగిన తన వీపుని తనే చూసినట్టుంది. గురువులు, వెంకటేశు కూడా కదలకుండా నిలబడ్డారు. వాళ్ళకీ అర్థమయింది.

"అయితే ఆ రోజు నేను..."

"పేరు సెప్పింది నానేనమ్మా. మీరు అడిగినారు, మీకు తెల్దు. నాకు తెల్సు. తెల్సే సెప్పినాను."

జవాబు కోసం ఆగలేదు. దిగిపోయాడు.

మెట్లు జారుడు. వెలుగు గుండ్రంగా పైకి వెళ్ళిపోయింది, రూపాయి బిళ్ళంతయింది. నీళ్ళు రొమ్ము దాకా. సగం లోపలికి, సగం బయటికి. మోచేతి దగ్గరికి వచ్చి తాడు విప్పుకున్నాడు. చేతులతో తడిమితే అడ్డం తగిలింది. కొబ్బరిడొక్కలు, గుడ్డలు, ఏదో పరుపు ముక్క. కొక్కెం వేసి లాగాడు. ఆగి, ఇటికల మీద మూడు కొట్టాడు. బాగున్నాను.

పైనుంచి మూడు వచ్చాయి. గురువులు. ఇక్కడే ఉన్నాను.

తర్వాత మోచేతి అవతలి నుంచి మూడు వచ్చాయి.

ప్రతిధ్వని అనుకున్నాడు. ప్రతిధ్వని అయితే వెంటనే రావాలి. ఇది ఆలోచించుకుని వచ్చింది. కొక్కెం చేతిలో బిగించి పని చేశాడు. పరుపు ముక్క సగం వచ్చింది. అప్పుడు అటునుంచి నెమ్మదిగా, నవ్వు మొహం పెట్టుకున్నవాళ్ళ గొంతు ఎలా ఉంటుందో అలా, ఒక మాట వచ్చింది. పేరు కాదు. పోలిరాజు అతన్ని ఎన్నడూ పేరుతో పిలవలేదు.

"అన్నా."

అప్పలసూరి నోరు తెరుచుకుంది. ఛాతీ లేచింది. ఓయ్ అనడం మనిషికి ఎంత అలవాటో అక్కడ తెలిసింది. దవడ మీద తన పిడికిలితోనే గుద్దుకున్నాడు. పళ్ళ మధ్య నాలిక పడి ఉప్పగా నెత్తురొచ్చింది. సగం లోపలికి. సగం బయటికి. కొక్కెం ఒక్క ఊపు ఊపాడు. అడ్డం మొత్తం ఊడింది. నీళ్ళు పెద్ద రొదతో మోచేతిలోంచి అటు దూకాయి. ఆ రొదలో ఇంకేమైనా వినిపించిందేమో ఎవరికి తెలుసు.

తాడు కట్టుకుని రెండు కొట్టాడు. లాగారు.

పైకి వచ్చాక ఎండ కళ్ళలో గుచ్చుకుంది. వెంకటేశు బకెట్టుతో నీళ్ళు కుమ్మరించాడు. గురువులు విసుక్కున్నాడు.

"మూడు కొట్టి ఊరుకోవాల గానీ ఆరు కొట్టినావేటిరా? మొదటి మూటికీ జవాబిచ్చినాను. మళ్ళీ మూడు కొడితే లాగాలో మానాలో తెల్లేదు."

అప్పలసూరి మూడే కొట్టాడు. ఆ మాట అనలేదు. నెత్తురు ఉమ్మి, గేటు వైపు చూశాడు. లలితాంబ గారు అక్కడే ఉంది. గురువులు మాట ఆవిడా విన్నది. లెక్క ఆవిడకీ వచ్చు.

ఆవిడ పళ్ళెంలోంచి ఒక గ్లాసు తీసి అప్పలసూరి చేతికిచ్చింది. టీ చల్లారిపోయింది. రెండో గ్లాసు తనే పట్టుకుని నూతి దగ్గరికి నడిచింది. గురువులు అడ్డం వెళ్ళబోతే అప్పలసూరి చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుంది. పెదవులు బిగించుకుంది, ఒక్క మాట అనలేదు, పేరు అసలే అనలేదు. గ్లాసు వంచి, టీ సన్నని ధారగా చీకట్లోకి పోసింది. చివరి చుక్క దాకా పోసి, గ్లాసుని నూతి ఇనప అంచు మీద మూడుసార్లు తాకించింది.

అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. కింద నీళ్ళు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"నిన్ను తిట్టాలో, నన్ను తిట్టుకోవాలో తెలీడం లేదయ్యా," అంది లేస్తూ, అప్పలసూరితో.

"నాకూ తెల్దమ్మా," అన్నాడతను.

మర్నాడు పదింటికి కింద బాత్రూంలో ఏమైనా వినిపించిందా అని జగ్గమ్మని అడిగాడు. అమ్మగోరు ఇప్పుడు ఆ టైముకి వీధి వరండాలో కూచుంటున్నారని చెప్పింది. అంతకంటే చెప్పలేదు.

శీతాకాలంలో పదమూడు గేట్లకీ కొత్త పన్ను కాగితాలొచ్చాయి. పన్నెండిళ్ళవాళ్ళు మాస్టారి ఇంటిమీదకి వెళ్ళి కేకలేశారు, వకీలు బాబు కోర్టుకెళ్తానన్నాడు. లలితాంబ గారు కాగితం వచ్చిన రోజే కట్టేసింది. రసీదు మీద పేరు తప్పు పడిందట, లలితా దేవి అని. దిద్దించమంటే వద్దందట. అదే బాగుంది ఉండనిమ్మందట.

మరుసటి వేసవికి మిషను వచ్చింది. లారీ అంత మిషను, ఏనుగు తొండం లాంటి గొట్టం. మొదట ఆ సందుకే తెచ్చారు. డ్రైవరు కొత్తవాడు, ఎక్కడో బడ్జ్ బడ్జ్ వైపువాడు, ఈ పద్ధతులేవీ తెలీవు. మూత తీయించి, గొట్టం దింపి, జాబితా చూసి, నూతి మూతి దగ్గరే నిలబడి గట్టిగా అరిచాడు.

"అప్పలసూరి దాదా ఎవరు? అప్పలసూరి దాదా!"

అప్పలసూరి అతని పక్కనే ఉన్నాడు, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో. పలకలేదు. డ్రైవరు ఇంకోసారి అరిచాడు. గురువులు నేల చూపులు చూస్తున్నాడు. గేటు లోపల లలితాంబ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

మిషను గంటసేపు పీల్చింది. గొట్టం పైకి తీశారు. వెంకటేశు మూత దొర్లించి మూసి, దాని మీద నిలబడ్డాడు. అప్పుడు అప్పలసూరి సందు చివరి దాకా నడిచి, పెద్దరోడ్డు మలుపు తిరిగి, నిండా ఊపిరి పీల్చి, "ఓయ్" అన్నాడు.